‘కొట్టేశారు’కి ఇంగ్లీషులో నాలుగు మాటలు

విజయవాడ

అమ్మాయీ,

నువ్వు గుంటూరు నుంచి పంపిన ఇంగ్లీషు వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మీ పెద్దమ్మ అంగన్‌వాడీ టీచరు కాబట్టి 2023 డిసెంబరులో మొదలైన సమ్మెను ఇంట్లోంచే చూశావు. మరుసటి నెల ప్రభుత్వం ఎస్మా (అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం) ప్రయోగించిందని తెలిసిన రోజు ఇంట్లో ఎవరేమన్నారో రాసిన పేరా చాలా బాగుంది, దాన్ని ముట్టుకోకు. మిగతా పేజీల్లో మాత్రం మీ పెద్దమ్మ కనబడలేదు, ఇడియమ్స్ పుస్తకం కనబడింది.

వాళ్లు ‘టుక్ టు ద స్ట్రీట్స్’. వాళ్ల డిమాండ్లు ‘ఫెల్ ఆన్ డెఫ్ ఇయర్స్’. అధికారులు ‘టర్న్‌డ్ ఎ బ్లైండ్ ఐ’. ఒకే పేరాలో ప్రభుత్వానికి చెవుడూ గుడ్డితనమూ రెండూ తెప్పించావు! ఇది తప్పు ఇంగ్లీషేం కాదు. గ్రూప్ డిస్కషన్‌లో బాగానే పనికొస్తుంది. కానీ వినతిపత్రం ఎవరి చేతికిచ్చారు, ఆయన తీసుకుని ఏమన్నాడు, అసలు గదిలోంచి బయటికొచ్చాడా లేదా అన్నది నువ్వు రాయలేదు. ఇడియమ్ ఉంది కదా అని ఆ సంగతి అడగనే లేదనుకుంటాను.

ఇంకోటి. ధర్నా అని రాయడానికి మొహమాటపడి ‘సిట్-ఇన్’ అన్నావు. ఎందుకు? ధర్నా, హర్తాళ్, ఘెరావ్, బంద్ ఎప్పుడో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకెక్కాయి. పైగా సిట్-ఇన్ వేరే సంగతి. 1960 ఫిబ్రవరి 1న అమెరికాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు వూల్‌వర్త్ దుకాణంలో తెల్లవాళ్లకే వడ్డించే కౌంటర్ దగ్గర కూర్చున్నారు. అక్కడ కూర్చోవడమే వాళ్ల ధిక్కారం. మన అలంకార్ సెంటర్ ధర్నాచౌక్‌లో పర్మిషన్ తీసుకుని, షామియానా వేసి, మైకు పెట్టి కూర్చునే కూర్చోవడం అది కాదు. అలాగే పర్మిషన్‌తో జరిగిన ఊరేగింపుని ‘సివిల్ డిసోబీడియన్స్’ అనకు. చట్టాన్ని తెలిసి మీరి, శిక్షకి సిద్ధపడితేనే ఆ మాట. మీ జిల్లాలోనే 1922లో పెదనందిపాడు ఫిర్కా రైతులు శిస్తు కట్టబోమని తెగేసి చెప్పారు. అదీ సివిల్ డిసోబీడియన్స్ అంటే. ఇంగ్లీషు చరిత్ర పుస్తకాల్లో దాన్ని ‘నో-ట్యాక్స్ క్యాంపెయిన్’ అంటారు.

కొన్నింటికి ఇంగ్లీషులో మాట దొరకదు. దొరకలేదని టెన్షన్ పడకు. వంటావార్పుని ‘కుకింగ్ ప్రొటెస్ట్’ అన్నావు, చదివేవాడికి ఏ వంటల పోటీయో అనిపిస్తుంది. రోడ్డు మీద మూడు రాళ్లు పెట్టారు, గిన్నె ఎక్కించారు, అక్కడే వండి అక్కడే తిన్నారు, బస్సులు ఆగిపోయాయి అని నాలుగు చిన్న వాక్యాల్లో రాయి. ‘రిలే హంగర్ స్ట్రైక్’ కూడా మన దగ్గర చెల్లే ఇంగ్లీషే. బయటివాళ్ల కోసం, రోజుకో బృందం కూర్చుంటుందని ఒక ముక్క కలుపు. లేకపోతే 1952లో 58 రోజులు దీక్ష చేసి ప్రాణం వదిలిన పొట్టి శ్రీరాములుగారి నిరాహారదీక్షకీ దీనికీ తేడా తెలియదు.

ఇక కోర్టు, పోలీసుల మాటలు. ఇక్కడే నువ్వు ఎక్కువ కష్టపడాలి. ఛలో విజయవాడకి బయల్దేరినవాళ్లని స్టేషన్‌లో కూర్చోబెట్టి సాయంత్రం పంపేశారు. నువ్వు ‘అరెస్టెడ్’ అని రాసి, రెండు లైన్ల తర్వాత ‘చార్జ్‌డ్’ అన్నావు. అదుపులోకి తీసుకోవడం ‘డిటెయిన్’. అరెస్టు చేస్తే రాజ్యాంగం 22వ అధికరణం ప్రకారం, ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ‘చార్జ్’, అంటే అభియోగం మోపడం, ఆ తర్వాతెప్పుడో వచ్చే మాట. ‘కన్విక్ట్’, అంటే దోషి అని తేల్చడం, ఇంకా దూరం. తెలుగులో నిందితుడికీ దోషికీ తేడా తెలిసిన నువ్వు ఇంగ్లీషుకి వచ్చేసరికి అన్నీ కలిపేస్తున్నావు. చేతికొచ్చిన మాట వాడితే, స్టేషన్‌లో టీ తాగి ఇంటికొచ్చిన మనిషి నీ వ్యాసంలో ముద్దాయి అవుతుంది.

మన నోట్లో ‘కేసు కొట్టేశారు’ అని ఒకే ముక్క ఉంది, అన్నింటికీ సరిపెట్టేస్తాం. ఇంగ్లీషులో అలా కుదరదు. ఎఫ్‌ఐఆర్‌నే హైకోర్టు రద్దు చేస్తే ‘క్వాష్’. అభియోగాలు నమోదు చేయడానికి తగిన ఆధారం లేదని వదిలేస్తే ‘డిశ్చార్జ్’. విచారణంతా జరిగాక నిర్దోషి అని తేలితే ‘అక్విట్’. మనం వేసిన పిటిషన్‌ని తోసిపుచ్చితే ‘డిస్మిస్’. మొదటి మూడింట్లో నిందితుడు గెలిచాడు, నాలుగోదాంట్లో పిటిషన్ వేసినవాళ్లు ఓడిపోయారు. బెయిల్ వచ్చిందంటే ఇవేవీ జరగలేదు, కేసు అలాగే ఉంది. నువ్వు బెయిల్ వచ్చిన సంగతి రాస్తూ ‘జస్టిస్ ప్రివెయిల్డ్’ అన్నావు. అప్పుడే ఎక్కడ?

పేపర్ల ఇంగ్లీషుతో కూడా జాగ్రత్త. ‘పోలీస్ రిసార్టెడ్ టు మైల్డ్ లాఠీచార్జ్’ అని వస్తుంటుంది. ‘రిసార్టెడ్ టు’లో వేరే దారి లేకపోయింది పాపం అన్న సానుభూతి దాక్కుని ఉంది. ఇక ‘మైల్డ్’, మన తెలుగు పేపర్ల ‘స్వల్ప లాఠీచార్జి’, కొట్టినవాడి లెక్క. దెబ్బతిన్నవాళ్లెవరూ స్వల్పంగా తగిలిందని చెప్పగా నేను వినలేదు. పోలీసులు లాఠీలతో కొట్టారు, ఇంతమందికి దెబ్బలు తగిలాయి, ఒకామె మోచెయ్యి విరిగింది, అంతే రాయి. కళ్లారా చూసినదానికి ‘అలెజ్డ్’ (ఆరోపణ మాత్రమే అని) తగిలించకు. చూడనిదానికి తగిలించడం మానకు. అవతలి వైపు కూడా ఇదే కొలత: ఆందోళనకారులు రాళ్లు వేస్తే ‘వేశారు’ అనే రాయాలి, ‘రాళ్లు పడ్డాయి’ అనకూడదు. ఇది నీకు నచ్చకపోవచ్చు.

ఇవన్నీ ఎక్కడ నేర్చుకోవాలని అడిగావు. ఇడియమ్స్ పుస్తకం తమ్ముడికిచ్చెయ్. లెనిన్ సెంటర్‌కి వస్తే పాత పుస్తకాల్లో లెర్నర్స్ డిక్షనరీ ఒకటి వెతుక్కో. అందులో అర్థాల కంటే ఉదాహరణ వాక్యాలు చదువు. స్ట్రైక్‌ని ‘కాల్’ చేస్తారు, విరమిస్తే ‘కాల్ ఆఫ్’ చేస్తారు. పిటిషన్ ‘ఫైల్’ చేస్తారు, కంప్లెయింట్ ‘లాడ్జ్’ చేస్తారు. ఈ జోడీలు వాక్యాల్లో తప్ప విడిగా గుర్తుండవు. ఆ తర్వాత తీర్పులు చదువు. ఢిల్లీలో జంతర్ మంతర్ నిరసనల మీద 2018లోనూ, షాహీన్‌బాగ్ రోడ్డు మీది ధర్నా గురించి 2020లోనూ సుప్రీంకోర్టు ఇచ్చినవి ఉచితంగా దొరుకుతాయి. మొదటిదాంట్లో నిరసన హక్కుకీ చుట్టుపక్కల ఇళ్లవాళ్ల ఇబ్బందికీ మధ్య దారి వెతికారు. రెండోదాంట్లో రోడ్డుని నిరవధికంగా ఆక్రమించకూడదన్నారు. ఒప్పుకుంటావో లేదో నీ ఇష్టం. కానీ రాజ్యాంగం 19వ అధికరణంలోని ‘పీసబ్లీ అండ్ వితౌట్ ఆర్మ్స్’ అనే నాలుగు మాటల చుట్టూ ఎంత వాదన నడుస్తుందో చూడు. అన్నట్టు, నువ్వు రాసిన, జనం గుమిగూడకుండా నిషేధించే 144 సెక్షన్ 2024 జూలై 1 నుంచి కొత్త చట్టంలో 163 అయింది. జనం ఇంకా 144 అనే అంటారు, వాళ్ల మాటల్లో అలాగే ఉంచు. నీ మాటగా రాసేటప్పుడు మాత్రం తేదీ చూసుకుని రాయి. నీ సమ్మె పాత చట్టం ఉన్నప్పటిది కాబట్టి అక్కడ 144 సరైనదే.

చివరి పేజీలో ‘కోర్ట్ గేవ్ రిలీఫ్’ అని ఉంది. ఏ రిలీఫ్? పెద్దమ్మ దగ్గర ఆ ఉత్తర్వు కాపీ ఉంటే తీసి చూడు. స్టే అయితే స్టే అని, నోటీసు మాత్రమే అయితే నోటీసు అని రాసి, వ్యాసం మళ్లీ పంపు. వచ్చే నెలాఖరు వరకు నేను ఊళ్లోనే ఉంటాను.

ఉంటాను మరి. పెద్దమ్మని అడిగానని చెప్పు.