వంగ తోటలో వాడు తెగులా, వెర్రి తెగులా? మందు కొట్టే ముందు చెట్టు పీకి చూడండి

ప్రశ్న: అన్నా, మాది కందుకూరు పక్కన పల్లె. పోయినేడు పొగాకు ఏసిన అరెకరంలో ఈసారి వంగ పెట్టాం. పూతకొచ్చిన చెట్లు పచ్చగా ఉండంగానే మధ్యాన్నానికి తలకాయలు వాల్చేస్తుండాయి, సాయంత్రానికి కాస్త తేరుకుంటాయి, రెండు మూడు రోజులకి మొత్తానికే చచ్చిపోతుండాయి. షాపాయన ఇచ్చిన మందు రెండు సార్లు కొట్టినాం, ఏం మార్పు లేదు. ఇంకేం కొట్టమంటారు?

జవాబు: చెల్లెమ్మా, ప్రస్తుతానికి ఏమీ కొట్టొద్దు. ముందు వాడిపోతున్న చెట్టు ఒకటి వేర్లతో సహా పీకు. మొదలు దగ్గర కాండాన్ని బెత్తెడు ముక్క కోసి, గాజు గ్లాసులో మంచినీళ్ళు పోసి ఆ ముక్క కింది కొస నీళ్ళల్లో తగిలేటట్టు కదలకుండా పట్టుకో. కాసేపటికి కోసిన చోట నుంచి అగరబత్తి పొగలాగా తెల్లగా, సన్నగా దారం దిగుతా ఉంటే అది బాక్టీరియా ఎండు తెగులు. ఆకు పసుపు తిరక్కుండా పచ్చగానే వాడిపోతుందని నువ్వు రాసిన దాన్నిబట్టి నా అనుమానం దానిమీదే, కానీ చూడకుండా తేల్చేయడం తప్పు. తెల్లదారం రాలేదు, కింది ఆకులు ముందు పసుపు తిరిగి ఒక పక్క నుంచి వాడుతుంది, కాండం నిలువునా చీలిస్తే లోపల గోధుమ రంగు చారలుండాయి అంటే శిలీంద్రం వల్ల వచ్చే వడలు తెగులు. అదీ కాదు, వేర్ల మీద ముడులు ముడులుగా బుడిపెలుండాయి అంటే నేలలో ఉండి వేర్లని పట్టే సన్నటి నులిపురుగులు. మూడింటికీ చెట్టు వాడిపోవడం ఒకటే, చెయ్యాల్సిన పని మాత్రం వేరు, అందుకే షాపులో "చెట్టు వాడుతుంది" అని ఒక్క మాట చెప్పి మందు తెచ్చుకుంటే డబ్బు దండగ.

బాక్టీరియా అని తేలితే వాడిన చెట్టు మళ్ళీ బతకదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. మట్టి పక్క చెట్ల మొదట్లో రాలకుండా జాగ్రత్తగా పీకి చేను బయట కాల్చేయండి, గట్టు మీద పారెయ్యొద్దు. పీకిన గుంటలోనూ చుట్టుపక్కల చెట్ల మొదళ్ళలోనూ కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీళ్ళకి 3 గ్రాములు కలిపి నేల తడిసేటట్టు పోయండి, అది ఇంకా రోగం రాని చెట్లని కాస్త కాపాడుకోడానికి. అన్నిటికంటే ముఖ్యం నీళ్ళు. కాలవల్లో పారిస్తున్నారా? రోగం ఉన్న సాలు నుంచి నీళ్ళు కింది సాళ్ళకి పోతే బాక్టీరియాని మీ చేత్తో మీరే మోసుకెళ్ళి ఇచ్చినట్టే, ఆ సాలుని కట్టేసి మిగతా వాటికి విడిగా పెట్టండి. పార కూడా కడుక్కుని పక్క సాల్లోకి దిగండి.

ఇంక అసలు సంగతి పొగాకు. పొగాకు, మిరప, టమాటా, వంగ ఇవన్నీ ఒకే కుటుంబం మొక్కలు, ఈ బాక్టీరియా, నులిపురుగులు రెండూ వీటన్నిటినీ పడతాయి. మన ప్రకాశం, నెల్లూరు పక్క పొగాకు చేన్లోనే మిరప, మిరప చేన్లోనే వంగ పెడుతుంటారు, రోగానికి నేలలో ఒక్క ఏడాది కూడా తిండి కరువు కాదు. ఈ పంట అయినాక ఆ అరెకరంలో జొన్నో మొక్కజొన్నో వేయండి, నీళ్ళుంటే వరి ఇంకా మంచిది, మడిలో నీళ్ళు నిలబెడితే నులిపురుగులు బాగా తగ్గుతాయి. మళ్ళీ వంగే పెట్టాలనుకుంటే బాక్టీరియా ఎండు తెగులు తట్టుకునే రకాలు అర్క నిధి, అర్క కేశవ్, అర్క నీలకంఠ్ లాంటివి బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చింది, మీ మార్కెట్లో ఆ కాయ అడుగుతారో లేదో ముందు కనుక్కోండి. ఉస్తికాయ మొక్క మీద అంటు కట్టిన వంగ నారు కూడా వస్తుంది, ఖరీదెక్కువే గానీ ఇలాంటి నేలకి పనికొస్తుంది.

నాటే ముందు ట్రైకోడెర్మా విరిడి (రోగం తెచ్చే శిలీంద్రాలని అణిచే మంచి శిలీంద్రం, పొడిగా దొరుకుద్ది) 2 కిలోలు, 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి కలిపి, నీడలో తడి ఆరకుండా గోనె పట్టా కప్పి వారం పది రోజులు ఉంచి ఎకరా నేలలో చల్లండి. శిలీంద్రం తెగుళ్ళకి ఇది మంచి అడ్డుకట్ట. దీనితో పాటు రసాయన ఎరువు గానీ తెగులు మందు గానీ కలపొద్దు, కలిపితే ట్రైకోడెర్మానే చచ్చిపోతుంది.

ప్రశ్న: సార్, మా తోటలో కొన్ని చెట్లకి ఆకులు బాగా చిన్నవైపోయి గుబురుగా చీపురు కట్టలా వస్తుండాయి, పూత లేదు కాత లేదు. జింకు లోపం అన్నారు, జింకు కొట్టినా అట్టనే ఉంది. (కావలి)

జవాబు: జింకు లోపం కాదండి, అది వెర్రి తెగులు. ఫైటోప్లాస్మా అనే సూక్ష్మజీవి చెట్టు ఆహారం పారే నాళాల్లో చేరడం వల్ల వస్తుంది, పచ్చదోమ ఒక చెట్టు రసం పీల్చి ఇంకో చెట్టుకి అంటిస్తుంది. దీనికి నయం చేసే మందు లేదు. పాత పుస్తకాల్లో టెట్రాసైక్లిన్ ద్రావణంలో నారు ముంచమని ఉంటుంది, అది మనుషుల రోగాలకి వాడే యాంటీబయాటిక్, వ్యవసాయంలో వాడకుండా కేంద్రం ఆపేసింది, దాని జోలికి పోవద్దు. కనపడిన చెట్టుని ఆ రోజే పీకి కాల్చండి, పచ్చగా ఉందిగదా అని మనసొప్పక ఉంచితే తోటంతా పోద్ది. పచ్చదోమకి వేపనూనె లీటరుకి 5 మి.లీ., ఎక్కువగా ఉంటే థయామిథాక్సామ్ లీటరుకి 0.3 గ్రాములు. గట్టు మీద బిళ్ళగన్నేరు, ఉమ్మెత్త మొక్కల్లో కూడా ఈ తెగులు దాక్కుంటుంది, అవి తీసేయండి. పాత తోట కొమ్మలు కొట్టి చిగురు పెంచే వాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, అట్టాంటి తోటల్లోనే ఇది ఎక్కువ.

ప్రశ్న: తుఫాను వానల తర్వాత కాయల మీద పల్లపు మచ్చలు పడి కుళ్ళిపోతుండాయి. పురుగు మందు కొట్టినా ఆగడం లేదు. (ఒంగోలు దగ్గర)

జవాబు: కాయ కోసి చూడండి. లోపల పురుగు, పేడ ఉంటే కాయతొలుచు పురుగు. అవేమీ లేకుండా మచ్చ మీద చిన్న చిన్న నల్ల చుక్కలు వలయాలుగా ఉంటే కాయకుళ్ళు తెగులు, దానికి పురుగు మందు ఏం చేస్తుంది? మాంకోజెబ్ 2.5 గ్రాములు గానీ కార్బెండజిమ్ 1 గ్రాము గానీ లీటరుకి కలిపి, పది రోజులకొకసారి మందు మార్చి మార్చి కొట్టండి. కుళ్ళిన కాయలు చేలో వదలొద్దు, వాన చినుకు పడితే అక్కణ్ణుంచే చిమ్ముతుంది. ఆ తోట కాయల నుంచి విత్తనం తీయొద్దు, ఈ తెగులు విత్తనంతోనే వచ్చుద్ది. ఇంటి విత్తనమే వాడాలంటే 50 డిగ్రీల వేడి నీళ్ళల్లో 30 నిమిషాలు నానబెట్టి నీడలో ఆరబెట్టుకోండి, వేడి ఎక్కువైతే మొలక పోద్ది కాబట్టి థర్మామీటర్ పెట్టుకునే చేయండి.

నిజంగా పురుగే అయితే వాడిన కొమ్మ చివర్లు తుంచి కాల్చి, లింగాకర్షక బుట్టలు (మగ రెక్కల పురుగుల్ని వాసనతో లాగి పట్టేవి) పెట్టి, అప్పటికీ తగ్గకపోతే ఎమామెక్టిన్ బెంజోయేట్ లీటరుకి 0.4 గ్రాములు. కొట్టాక 3 రోజులు ఆగి కొయ్యాలి. క్లోరాంట్రానిలిప్రోల్ అయితే వంగకి 22 రోజులు ఆగమని ఉంటుంది, కోతలు మొదలైన తోటలో అది ఎట్ట కుదురుతుంది? పొద్దున కొట్టి మర్నాడు మార్కెట్‌కి తోలే వాళ్ళని చూస్తుండా, ఆ కాయ తినేది ఎవరో ఇంట్లో పిల్లలేగదా.

ప్రశ్న: నారుమడిలో మొలకలు మొదలు దగ్గర మెత్తబడి పడిపోతుండాయి.

జవాబు: నారుకుళ్ళు. మడి ఎత్తుగా చేసి నీళ్ళు తగ్గించండి, విత్తనం వత్తుగా చల్లొద్దు. కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకి 3 గ్రాములు కలిపి మడి తడపండి. అనుమానం తీరకపోతే పీకిన మొక్కని వేర్లతో సహా కవర్లో పెట్టుకుని దర్శి గానీ నెల్లూరు గానీ కృషి విజ్ఞాన కేంద్రానికి తీసుకెళ్ళండి, ఫోన్లో ఒక్క ఆకు ఫోటో పంపితే ఎవరికీ తెలీదు.