కొత్త ఏడాది మొదట్లోనే చావు గురించిన ఆలోచనలు వస్తుంటే ప్లాన్లు వేసుకోవడంలో అర్థముందా?

ఏడాది మారగానే "వచ్చే జనవరికి ఎవరుంటారో, ఎవరుండరో" అని గుబులుగా ఉంటోంది, ఇంకా ప్లాన్లు వేసుకుని ఏం లాభం అని అడిగారు. వేసుకోండి. నేనూ వేసుకుంటున్నాను. అయితే ముందు మా బావ సంగతి చెప్పాలి.

కొన్నేళ్ల కిందట జనవరి మొదటి వారంలోనే పోయాడాయన. డిసెంబర్ చివర్లోనే మెట్లెక్కితే ఆయాసం, ఎడమ భుజం లాగుతున్నట్టు నొప్పి. అక్క పోరు పెడితే "అందరూ సరదాగా ఉన్న టైంలో ఆస్పత్రి గోలెందుకు, సెలవులయ్యాక చూపించుకుంటాలే" అన్నాడు. ఒకటో తారీఖు పొద్దున్నే అందరికీ శుభాకాంక్షలు పంపాడు. నాకైతే "ఈ ఏడన్నా ఆ పొట్ట తగ్గించు" అని కూడా జోడించాడు. ఆ వారం దాటలేదు.

మా బావే అలా మొండికేశాడని చాలాకాలం అనుకున్నాను. తర్వాత ఒక అధ్యయనం గురించి చదివాను. 1973 నుంచి 2001 దాకా అమెరికాలో నమోదైన మరణాలను పరిశీలించి 2004లో ప్రచురించారు. గుండె జబ్బుతో పోయేవాళ్ల సంఖ్య క్రిస్మస్, న్యూ ఇయర్ రోజుల్లో ప్రత్యేకంగా పెరుగుతోందని తేలింది. చలికాలం ప్రభావాన్ని లెక్కలోకి తీసుకున్నా ఆ పెరుగుదల అలాగే ఉంది. పండగ పూట కదా అని ఆస్పత్రికి వెళ్లడం వాయిదా వేయడం దానికి ఒక కారణం కావచ్చని పరిశోధకులు అన్నారు. చదువుతుంటే బావ గొంతు వినిపించినట్టే అయింది.

చావు చెప్పి రాదంటారు. నిజమే, కానీ కొన్నిసార్లు చెప్పే వస్తుంది, మనమే రెండో తారీఖు తర్వాత రమ్మంటాం. కాబట్టి ఛాతీలో బరువు, ఆయాసం, భుజానికో దవడకో పాకే నొప్పి ఉంటే తారీఖు చూడొద్దు. మీ భయాన్ని వాడుకోవాల్సిన చోటు ఇదే.

ఇంకో విషయం, చిన్నదే. బావ ఫోన్ లాక్ నంబరు ఎవరికీ తెలియదు. వాకింగ్ కోసం పెట్టుకున్న అలారం రోజూ తెల్లవారుజామున మోగేది. మోగినప్పుడు ఆపగలం గానీ, లాక్ తీయకుండా దాన్ని పూర్తిగా తొలగించలేం. ఫోన్ స్విచాఫ్ చేసేద్దామంటే అక్క ఒప్పుకోలేదు, ఇంకా ఆయనకు వస్తున్న న్యూ ఇయర్ మెసేజ్‌లు తెరమీద కనబడుతున్నాయని. ఇన్సూరెన్స్ కాగితాలు ఎక్కడున్నాయో, ఏ బ్యాంకులో ఏముందో మొత్తం ఆ ఫోన్‌లోనే. దుఃఖంలో ఉన్న మనిషి కౌంటర్ల చుట్టూ తిరగడం ఎంత నరకమో దగ్గరుండి చూశాను.

అప్పటినుంచి నా జనవరి మొదటి ఆదివారం దీనికే. నామినీల పేర్లు సరిచూస్తాను, పాస్‌వర్డ్‌లు ఒక నోట్‌బుక్‌లో రాసి అది ఎక్కడుందో ఇంట్లో చెబుతాను. మొదట్లో మా ఆవిడ "ఏడాది మొదట్లో ఈ అపశకునం మాటలేంటి" అని కోప్పడింది. ఇప్పుడు తన కాగితాలు కూడా తెచ్చి ముందు పెడుతోంది. సీపీఆర్ కూడా నేర్చుకున్నాం. గుండె ఆగితే నాలుగైదు నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. అంబులెన్స్‌కి ఫోన్ చేసి, అది వచ్చేలోపు నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఛాతీ మధ్యలో గట్టిగా నొక్కుతూ ఉండాలి. పెద్దవాళ్లకైతే కనీసం 5 సెంటీమీటర్లు దిగాలి. బొమ్మ మీద చేస్తేనే నాకు చేతులు పడిపోయాయి. వీడియో చూసి వచ్చేసిందనుకోకండి, ఎవరైనా నేర్పేవాళ్ల దగ్గర ఒకసారి చేయండి.

ఇక ప్లాన్ల సంగతి. ఇప్పుడు మనం చూస్తున్న క్యాలెండర్‌కి పునాది వేసిన జూలియస్ సీజర్, తన కొత్త క్యాలెండర్‌లో చూసినవి రెండే రెండు జనవరి ఒకట్లు. అది క్రీ.పూ. 45లో అమల్లోకి వచ్చింది, క్రీ.పూ. 44 మార్చి 15న ఆయన్ని పొడిచి చంపారు. 1582లో లీపు సంవత్సరాల లెక్క కాస్త సరిచేశారు తప్ప, నెలలు ఇప్పటికీ దాదాపు ఆయన పెట్టినట్టే నడుస్తున్నాయి. పూర్తిగా అనుభవించే గ్యారంటీ ఉంటేనే పని మొదలుపెడతానని ఆయన కూర్చుని ఉంటే మనకు ఈ న్యూ ఇయర్ హడావుడే ఉండేది కాదేమో!

ఒక్క మాట. ఈ గుబులు వారాల తరబడి వదలకుండా నిద్ర, తిండి, పని పాడవుతుంటే అది వేదాంతం కాదు, యాంగ్జైటీ కావచ్చు. డాక్టర్‌కి చూపించుకోండి, మంచి చికిత్స ఉంది.

నా విషయానికొస్తే, ఇంత చూశాక కూడా ఈమధ్యే ఇరవై ఏళ్ల హోమ్ లోన్ తీసుకున్నాను. సంతకాలప్పుడు బ్యాంకు ఆయన "మీకేమన్నా అయితే" అంటూ లోన్‌తో పాటు ఇన్సూరెన్స్ ఫారం కూడా నవ్వుతూ ముందుకు జరిపాడు. చదివి, నామినీ దగ్గర మా ఆవిడ పేరు రాసి ఇచ్చేశాను.