ఎస్ఏపీ ఫైకో నేర్చుకోవాలా వద్దా? మేనల్లుడికి ఒక ఉత్తరం

చి. అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

ఆడిటర్ గారి దగ్గర పని మానేసి హైదరాబాద్ వెళ్ళి, పెద్ద కంపెనీలు తమ పనంతా నడుపుకునే ఎస్ఏపీ సాఫ్ట్‌వేరులో లెక్కల భాగం, అదే ఫైకో, నేర్చుకుంటానన్నావు. ఏమంటావు మామయ్యా అని అడిగావు. అవుననో కాదనో ఫోన్లో ఒక్క మాటతో తేల్చే సంగతి కాదు గనక తీరిగ్గా రాస్తున్నాను. ఫీజు కట్టే ముందే ఇది పూర్తిగా చదువు.

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఎటు చూసినా కోర్సుల బోర్డులే. ఫైకో పక్కనే జావా, పైథాన్ అని రాసి ఉండేసరికి ఇదీ ఒక కంప్యూటర్ కోర్సే అనిపిస్తుంది. కాదురా. ఇది లెక్కల పని, సాఫ్ట్‌వేరు దానికి పనిముట్టు. ఇది తెలియక చేరినవాళ్ళకి మూడు నెలలయ్యాక స్క్రీన్లు గుర్తుంటాయి గానీ ఏది ఎందుకు నొక్కాలో తెలియదు. ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే ఆగిపోతారు.

ఫైకోలో ఎఫ్ఐ, సీఓ అని రెండు ముక్కలు. ఎఫ్ఐ అంటే బయటికి చూపించాల్సిన లెక్క: లెడ్జర్లు, సప్లయర్ల బాకీలు, కస్టమర్ల బాకీలు, స్థిరాస్తులు, బ్యాంకు. సీఓ అంటే కంపెనీ తన కోసం వేసుకునే లెక్క: ఏ విభాగానికి ఎంత ఖర్చయింది, ఏ సరుకు తయారీకి ఎంత పడింది. కన్సల్టెంట్ వోచర్లు కొట్టడు. స్టోర్సులో ఒకడు సరుకు దించుకుని ఎంట్రీ వేస్తే ఏ ఖాతా డెబిట్ కావాలి, ఏది క్రెడిట్ కావాలి అన్నది ముందుగానే సెట్ చేసి పెడతాడు. అది తప్పినప్పుడు ఎక్కడ తప్పిందో వెతికి పట్టుకుంటాడు.

నీకు ఈ పని పడుతుందో లేదో పైసా ఖర్చు లేకుండా తేల్చుకునే లెక్క ఒకటి ఇస్తాను. కాగితం, పెన్ను తీసుకో.

ఒక కంపెనీ 100 ఇనుప పైపులు ఒక్కోటి 500 రూపాయల చొప్పున ఆర్డరు పెట్టింది. సరుకొచ్చింది, బిల్లు ఇంకా రాలేదు. ఇప్పుడు నువ్వు లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేరులో అయితే మామూలుగా బిల్లొచ్చేదాకా ఆగుతావు. ఎస్ఏపీ ఆగదు. సరుకు దించుకున్న ఎంట్రీ పడగానే స్టాకు 50,000 డెబిట్, వచ్చిన సరుకుకీ రావాల్సిన బిల్లుకీ మధ్య నిలిచే జీఆర్ఐఆర్ అనే ఖాతా 50,000 క్రెడిట్. మర్నాడు స్టోర్సు వాళ్ళు 60 పైపులు సైటుకి పంపేశారు. ఆ తర్వాత బిల్లొచ్చింది, ధర 510 వేశాడు. అంటే సరుకు విలువ 51,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 9,180, మొత్తం 60,180. ఇప్పుడు బిల్లు ఎంట్రీ వెయ్యి. సప్లయరుకి 60,180 క్రెడిట్. జీఆర్ఐఆర్ 50,000 డెబిట్, జీఎస్టీ 9,180 డెబిట్. మిగిలిన 1,000 ఎక్కడికి పోవాలి?

జవాబు చూడకుండా ఒక పూట ఆలోచించు. ఆ సరుకుని సగటు ధర మీద నడుపుతున్నారనుకుంటే, గోదాములో మిగిలింది 40 పైపులే కాబట్టి వాటి వాటా 400 మాత్రమే స్టాకు విలువలో కలుస్తుంది. వెళ్ళిపోయిన 60 పైపుల వాటా 600 ధర తేడా ఖాతాకి పోతుంది. స్థిర ధర మీద నడుపుతుంటే 1,000కి 1,000 ధర తేడాకే పోతుంది. ఇది చదువుతుంటే "ఓహో, మరి సైటుకి పంపినప్పుడు ఖర్చు ఎంతకి రాసినట్టు?" అన్న ప్రశ్న నీ అంతట నీకే పుట్టిందా? పుడితే నువ్వు ఈ పనికి పనికొస్తావు. లెక్క సరిపోయింది కదా, ఇక పుస్తకం మూసేద్దాం అనిపిస్తే మాత్రం ఆలోచించుకో.

ఇదే బిల్లుని ఇంకొంచెం ముందుకి నడుపు. 500కి ఒప్పుకున్న సరుకుకి 510 వేశాడు. ఆ తేడా కంపెనీ పెట్టుకున్న హద్దు దాటితే ఎంట్రీ పడుతుంది గానీ బిల్లు మీద చెల్లింపు ఆపే 'ఆర్' అనే పేమెంట్ బ్లాకు దానంతటదే పడుతుంది. వారం తర్వాత అకౌంట్స్‌లో పేమెంట్ రన్, అంటే గడువొచ్చిన బిల్లులన్నీ ఒకేసారి చెల్లించే ఎఫ్110, వేస్తారు. లిస్టులో ఈ సప్లయరు ఉండడు. అతను ఫోన్లు చేస్తుంటాడు, అకౌంట్స్ వాళ్ళు "సిస్టమ్ తియ్యడం లేదు" అని టికెట్టు, అంటే ఫిర్యాదు, వేస్తారు. ఆ టికెట్టు నీ దగ్గరికి వస్తుంది. అప్పుడు నువ్వు చూడాల్సినవి: బిల్లు మీద బ్లాకు ఉందా, సప్లయరు మాస్టర్లో పేమెంట్ మెథడ్ పెట్టారా, గడువు తేదీ ఇంకా రాలేదా, ఆ మెథడ్‌కి ఏ బ్యాంకు నుంచి కట్టాలో సెట్టింగులో ఉందా, ఆ బ్యాంకుకి పెట్టిన పరిమితి అయిపోయిందా. రన్‌లో అదనపు లాగ్, అంటే సిస్టమ్ ఏం చేసిందో రాసుకునే చిట్టా, పెట్టుకుని ఉంటే కారణం అక్కడే రాసి ఉంటుంది. కొత్తవాళ్ళు లాగ్ పెట్టుకోరు, సెట్టింగులన్నీ కెలుకుతారు. ఆ బ్లాకు తియ్యాల్సింది కూడా నువ్వు కాదు. ధర ఎందుకు పెరిగిందో కొనుగోలు విభాగం ఒప్పుకున్నాక వాళ్ళే తీస్తారు. సపోర్టులో పని దాదాపు ఇలాగే ఉంటుంది.

ఇంకోటి చెప్తాను. కొత్త రకం సరుకుకి కొత్త వాల్యుయేషన్ క్లాసు, అంటే ఆ సరుకు ఏ ఖాతాల్లో పడాలో చెప్పే గుర్తు, తెరిచారు. దానికి ఏ లెడ్జరు ఖాతా అన్నది ఓబీవైసీ అనే సెట్టింగు స్క్రీన్లో కట్టడం మర్చిపోయారు. గేటు దగ్గర లారీ ఉంది, స్టోర్సు అతను ఎంట్రీ వేస్తే "ఖాతా నిర్ణయం సాధ్యం కాదు" అని ఎర్రగా వస్తుంది. లారీ కదలదు. తప్పు జరిగింది నాలుగు గడుల టేబుల్లో, ఆగిపోయింది ఫ్యాక్టరీ గేటు. అందుకే అకౌంట్స్ ఒక్కటే కాక కొనుగోలు, అమ్మకం ఎలా నడుస్తాయో కూడా తెలుసుకోవాలి. ఇన్‌స్టిట్యూట్లలో ఇంటిగ్రేషన్ అని చివరి రెండు రోజుల్లో హడావిడిగా ముగించే పాఠం ఇదే. ఇంటర్వ్యూలో ఎక్కువగా అడిగేదీ ఇదే.

నీ సంగతికి వస్తే, నీ చేతిలో ఉన్న సరుకు తక్కువది కాదు. నాలుగేళ్ళుగా ప్రతి నెలా 7వ తేదీ లోపు టీడీఎస్ (చెల్లింపులో ముందే కోసే పన్ను), 11న అమ్మకాల జీఎస్టీ రిటర్ను జీఎస్టీఆర్ 1, 20న పన్ను కట్టే రిటర్ను 3బీ వేస్తున్నావు. సప్లయర్లు చూపిన బిల్లుల జాబితా 2బీతో కొనుగోళ్ళు సరిపోల్చడం వచ్చు. మన దేశంలో ఎస్ఏపీ నడిపే కంపెనీల్లో గొడవంతా ఇక్కడే. సప్లయరు మాస్టర్లో టీడీఎస్ రకం ఎక్కించి 'వర్తిస్తుంది' అన్న టిక్కు పెట్టడం మర్చిపోతే బిల్లులు టీడీఎస్ లేకుండానే పోస్టయిపోతాయి. తర్వాత టిక్కు పెట్టినా పాత బిల్లులకి అది దానంతటదే వర్తించదు, మామూలుగా వాటిని రివర్స్ చేసి మళ్ళీ వెయ్యాలి. కాంట్రాక్టరు కంపెనీ అయితే 2 శాతం, వ్యక్తి అయితే 1 శాతం అన్న తేడా నీకు నిద్రలో లేపినా తెలుసు. లెక్కల చదువు లేకుండా నేరుగా కోర్సుకొచ్చిన ఇంజనీరుకి అది ఓ అధ్యాయం. నీ బలం ఇది. దీన్ని రెజ్యూమేలో కింద ఎక్కడో ఒక లైనుగా పడెయ్యకు.

లోటు కూడా చెప్పాలి. నువ్వు పెద్ద కంపెనీ లోపల ఎప్పుడూ పని చెయ్యలేదు. ఆర్డరు వేరొకడు పెట్టడం, సరుకు ఇంకొకడు దించుకోవడం, బిల్లు మూడోవాడు వెయ్యడం, చెల్లింపు నాలుగోవాడు ఒప్పుకోవడం చూడలేదు. టాలీలో మార్పులు నమోదు చేసే ఎడిట్ లాగ్ ఉన్నా పాత తేదీ వోచరు తెరిచి దిద్దే అలవాటు నీది. ఎస్ఏపీలో ఒకసారి పోస్టయిన మొత్తాన్ని దిద్దలేవు, రివర్స్ చేసి కొత్తది వెయ్యాలి. ఇంకొకటి ఇంగ్లీషు. క్లయింటు ఫైనాన్స్ మేనేజరుతో కూర్చుని మీ పద్ధతి ఏమిటని అడిగి, విని, తిరిగి రాసి పంపాలి. గొప్ప ఇంగ్లీషు అక్కర్లేదు గానీ ప్రశ్న సూటిగా అడగడం రావాలి. రోజుకో పేజీ రాయడం ఇప్పుడే మొదలెట్టు.

అందుకని నా మాట: ఉద్యోగం ఇప్పుడే మానకు. కోర్సు చేసి నేరుగా కన్సల్టెంట్ అవ్వాలన్న ఆశతో వెళ్తే చాలా మంది గడప దగ్గరే ఆగిపోతున్నారు, ఎందుకంటే ప్రకటనలన్నీ రెండు మూడేళ్ళ ప్రాజెక్టు అనుభవం అడుగుతాయి. నీకు ఇంకో దారి ఉంది. ఎస్ఏపీ వాడే ఏదైనా కంపెనీలోనో, హైదరాబాద్‌లో విదేశీ కంపెనీల లెక్కలు చూసే సెంటర్లలోనో సప్లయరు బిల్లుల విభాగంలో అకౌంటెంట్‌గా చేరు. జీతం నువ్వనుకున్నంత ఉండకపోవచ్చు. కానీ రోజూ ఆ సిస్టమ్‌లో నిజమైన బిల్లులు వేస్తావు, నెలాఖరు మూసివేత చూస్తావు. ఏడాదిన్నరలో అక్కడ కొత్త వెర్షన్ పరీక్షలో, యూజర్ల తరఫున టెస్టింగ్‌లో చెయ్యి పెట్టే అవకాశం వస్తే ముందుకు దూకు. అక్కడి నుంచి కన్సల్టెంట్ పనికి మారితే నీ అనుభవం నిజమైనది అవుతుంది.

నిజమైనది అని ఎందుకు నొక్కి రాస్తున్నానంటే, కోర్సు చివర్లో ఎవడో ఒకడు "మూడేళ్ళ ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం, పేస్లిప్పులు ఇస్తాం" అంటూ వస్తాడు. ఆ మాట వినగానే లేచి వచ్చెయ్. వెరిఫికేషన్‌లో నీ యూఏఎన్, అంటే పీఎఫ్ నంబరు, కింద ఏ నెల ఏ కంపెనీ పీఎఫ్ కట్టిందో చూస్తారు. నీ పాన్ మీద పన్నుల పట్టిక 26ఏఎస్‌లో టీడీఎస్ ఎవరు కట్టారో ఉంటుంది. దొంగ కాగితానికి ఇవి రెండూ సరిపోవు. పట్టుబడితే ఆఫరు పోతుంది, చేరాక బయటపడితే ఉద్యోగమూ పోతుంది. టీడీఎస్ లెక్కలు వేసే చేతులు నీవి, నీకు నేను వేరే చెప్పాలా?

ఇక నేర్చుకోవడం. ముందు డబ్బు పెట్టకు. ఎస్ఏపీ సంస్థ సొంత లెర్నింగ్ సైట్‌లో ఫైనాన్స్ పాఠాలు చాలావరకు ఉచితం. రెండు నెలలు రాత్రిపూట గంట చొప్పున అవి చదువు. విసుగు పుట్టకపోతే అప్పుడు ఇన్‌స్టిట్యూట్ చూడు. చేరేది ఎస్ఏపీ కొత్త వెర్షన్ ఎస్/4 హానా మీదే కావాలి. పాత వెర్షన్ ఈసీసీకి మామూలు మద్దతు 2027 చివరి వరకే, అదనంగా డబ్బు కడితే 2030 దాకా. కంపెనీలు కొత్తదానికి మారుతున్నాయి కాబట్టి పని ఉంది. అయితే ఆ పని అంతా పాతదీ కొత్తదీ రెండూ తెలిసినవాళ్ళకి ముందు దొరుకుతుంది. పాత నోట్సు పట్టుకుని ఎఫ్‌కే01 అనే పాత స్క్రీన్లో సప్లయర్‌ని తెరవడం నేర్పేవాడి దగ్గర చేరకు, కొత్తదాంట్లో సప్లయరైనా కస్టమరైనా బిజినెస్ పార్ట్‌నర్ స్క్రీన్లోనే తెరవాలి.

డెమో క్లాసులో కూర్చుని అడగాల్సినవి: ప్రాక్టీసు సర్వరు ఎన్ని నెలలు ఇస్తారు? సెట్టింగులు మార్చే హక్కు ఉంటుందా, లేక ఎంట్రీలు వెయ్యడమేనా? జీఎస్టీ, టీడీఎస్ సెట్టింగ్ చేసి చూపిస్తారా? చెప్పే మనిషి ఈ మధ్య ఏ ప్రాజెక్టులో పని చేశాడు? సర్వరు అందరూ కలిసి వాడేది అయితే నీ కంపెనీ కోడ్, ఏ నెలలు తెరిచి ఉన్నాయో చెప్పే నీ పోస్టింగ్ పీరియడ్ వేరియంట్ వేరుగా పెట్టుకో. లేకపోతే పక్కవాడు ఏప్రిల్ మూసేస్తే నీ ఎంట్రీ "పీరియడ్ తెరిచి లేదు" అని ఆగిపోతుంది, నువ్వేమో నీ తప్పు అనుకుని రాత్రంతా వెతుకుతావు. ఆర్థిక సంవత్సరానికి ఏప్రిల్‌తో మొదలయ్యే వీ3 పెట్టు, జనవరితో మొదలయ్యే కే4 కాదు. ఏప్రిల్ బిల్లు 1వ పీరియడ్‌లో పడిందో 4లో పడిందో చూస్తే చాలు, తెలిసిపోతుంది. మొదటి ఎంట్రీ "మొత్తానికి అధికారం లేదు" అంటూ ఆగితే ఎవరు ఎంత మొత్తం దాకా ఎంట్రీ వెయ్యొచ్చో చెప్పే ఉద్యోగుల టాలరెన్స్ గ్రూపు పెట్టడం మర్చిపోయావన్నమాట. ఇలాంటి ప్రతి తప్పునీ ఒక నోటు పుస్తకంలో రాయి: ఏం వచ్చింది, ఎందుకొచ్చింది, ఎలా పోయింది. 50 తప్పులు రాసిన పుస్తకం సర్టిఫికెట్ కంటే ఇంటర్వ్యూలో ఎక్కువ పనికొస్తుంది. సర్టిఫికేషన్ పరీక్ష తర్వాత చూసుకోవచ్చు, అవకాశం వస్తే కంపెనీయే కట్టిస్తుంది.

ఫీజు కోసం చేబదులు తేకు. ఖర్చు ఫీజుతో ఆగదు, పని దొరికేదాకా హాస్టలు, తిండి, ఇంటికి పంపాల్సింది ఉంటాయి. పది నెలలకి సరిపడా చేతిలో లేకపోతే గుంటూరులోనే ఉండి ఆన్‌లైన్‌లో నేర్చుకో. రాత్రి షిఫ్టులు, నెలాఖరు రోజుల్లో పండగ అని చూడకుండా పని ఉంటుందని మీ అమ్మకీ ముందే చెప్పు.

ఈ నెల 20న 3బీలు అయిపోయాక రెండు రోజులు తీరిక చేసుకుని పైపుల లెక్క మళ్ళీ వెయ్యి. ఈసారి 60 కాదు, 100 పైపులూ సైటుకి వెళ్ళిపోయాయి అనుకో. ధర 510 కాదు, 490 వేశాడు అనుకో. రెండు ఎంట్రీలూ కాగితం మీద రాసి ఫోటో తీసి పంపు. చూసి ఫోన్ చేస్తాను.

మీ అమ్మని, నాన్నగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
మామయ్య