ఫార్మాట్ కొట్టించే ముందు ఆగండి, ఫైళ్లు చాలావరకు వస్తాయి

ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ మీద "నో బూటబుల్ డివైస్" అని వస్తోంది, చిత్తూరులో షాపతను ఫార్మాట్ కొట్టి విండోస్ వేస్తానంటున్నాడు, పిల్లల ఫోటోలూ అంగడి లెక్కలూ అందులోనే ఉన్నాయి, వస్తాయా రావా అని అడిగారు. చాలావరకు వస్తాయి. కానీ ఆ ఫార్మాట్ మాత్రం ఇప్పుడే వద్దు. తాళంచెవి పోయిందని ఇల్లు కూలగొట్టుకోం కదా.

విండోస్ లేవకపోవడం వేరు, డిస్క్ పోవడం వేరు. బూట్ కావడానికి, అంటే ఆన్ చేయగానే విండోస్ లేవడానికి, కావలసిన ఫైళ్లు కొన్ని చెడినా సిస్టం మొండికేస్తుంది, మీ ఫోటోలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. కొత్త విండోస్ వేస్తే దాని ఫైళ్లు వచ్చి మీ పాతవాటి చోట కూర్చుంటాయి. అవి కూర్చున్నంత మేర ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు. ఎస్‌ఎస్‌డీ (తిరిగే ప్లేట్ లేని, చిప్‌లతో చేసిన డిస్క్) అయితే ఇంకా కష్టం. క్విక్ ఫార్మాట్ కొట్టినా విండోస్ దానికి ట్రిమ్ అనే ఆదేశం పంపుతుంది, ఖాళీ అయిన చోటంతా డ్రైవే లోపల్లోపల తుడిచేసుకుంటుంది. "డీ డ్రైవ్‌లోవి ఎక్కడికీ పోవులే" అన్నా నమ్మొద్దు. హడావుడిలో పార్టిషన్లన్నీ (సీ, డీ లాంటి డిస్క్ భాగాలు) డిలీట్ కొట్టేసి విండోస్ వేసేవాళ్లను తిరుపతిలో చూశాను.

ముందు చిన్న చిన్న కారణాలు చూసుకోండి. పెన్‌డ్రైవ్ ఏదైనా గుచ్చి మరిచిపోయారా? డెస్క్‌టాప్ అయితే పవర్ తీసేసి, డిస్కుకు వెళ్లే సాటా కేబుల్‌ను రెండు వైపులా ఊడదీసి మళ్లీ గట్టిగా పెట్టండి. ఆన్ చేసినప్పుడల్లా తేదీ పాతది చూపిస్తుంటే మదర్‌బోర్డు మీది సీఆర్2032 సెల్ అయిపోయినట్టు. అది పోతే బయోస్ (విండోస్ కన్నా ముందు నడిచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రాం) సెట్టింగులు మారిపోయి, డిస్క్ బాగున్నా ఒక్కోసారి బూట్ కాదు. ఆ తర్వాత బయోస్‌లో డిస్క్ పేరు, సైజు సరిగ్గా కనబడుతున్నాయో లేదో చూడండి. కనబడితే సగం పని అయినట్టే.

చిత్తూరులోనే మా బావమరిదికి డీటీపీ షాపుంది, పెళ్లికార్డులు కంపోజ్ చేస్తాడు. పెళ్లిళ్ల సీజన్‌లో వాడి సిస్టం "ఆటోమేటిక్ రిపేర్" అంటూ తిరిగి తిరిగి అక్కడికే వచ్చి ఆగింది. "బావా, కార్డుల కోసరం జనం అంగట్లోనే కూచోనుండారు, ఏమన్నా చెయ్" అని ఫోను. తిరుపతి నుంచి లినక్స్ మింట్ (విండోస్ లేకున్నా పెన్‌డ్రైవ్ నుంచే నడిచే ఆపరేటింగ్ సిస్టం) ఎక్కించిన పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని పోయినాను. మింట్ గానీ ఉబుంటు గానీ ఉచితమే. వేరే సిస్టంలో డౌన్‌లోడ్ చేసుకుని రూఫస్ అనే ప్రోగ్రాంతో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తే చాలు, అందులో ముందున్నవి మాత్రం పోతాయి. ఆన్ చేసేటప్పుడు బూట్ మెనూ కీ నొక్కాలి. సాధారణంగా డెల్, లెనోవోలకు ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9. డెస్క్‌టాప్ వచ్చాక "ఇన్‌స్టాల్" ఐకాన్ జోలికి పోకండి. ఫైల్ మేనేజర్‌లో మీ డిస్క్ తెరిచి, బయటి హార్డ్‌డిస్కులోకి కాపీ చేసుకోవడమే. విండోస్ సరిగా షట్‌డౌన్ కాకుంటే డిస్క్ చదవడానికి మాత్రమే తెరుచుకోవచ్చు. మనకు కావలసిందీ అంతే.

ఏం కాపీ చేయాలో తెలియడమే అసలు పని. యూజర్స్ ఫోల్డర్‌లో మీ పేరుతో ఉన్నదంతా ముందు తీసుకోండి. లెక్కలు టాలీప్రైమ్‌లో ఉంటే, మీరు చోటు మార్చి ఉండకపోతే ఆ డేటా యూజర్స్ లోపలి పబ్లిక్ ఫోల్డర్‌లో ఉంటుంది. చాలామంది దాన్ని వదిలేసి ఫోటోలు తెచ్చుకుంటారు. మా వాడి షాపులో పేజ్‌మేకర్‌లో చేసిన కార్డుల ఫైళ్లన్నీ వచ్చినాయి గానీ అవొక్కటే ఉంటే చాలదు. డీటీపీలో వాడే తెలుగు అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని సిస్టంలూ ఒకేలా చదివే పద్ధతి) కావు గదా, ఆ ఫాంట్ లేని సిస్టంలో తెరిస్తే వధూవరుల పేర్ల చోట అర్థంకాని గుర్తులు కనిపిస్తాయి. అందుకని విండోస్ ఫోల్డర్‌లోని ఫాంట్స్‌ను కూడా కాపీ చేసుకున్నాం. చిన్నవీ ముఖ్యమైనవీ ముందు, వీడియోలు ఆఖర్న.

లినక్స్ అంటే భయమైతే డిస్క్ విప్పి, సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్‌తో ఇంకో సిస్టంకు తగిలించండి. ల్యాప్‌టాప్ డిస్కుకు యూఎస్‌బీ కరెంటు చాలు, డెస్క్‌టాప్‌లోని పెద్ద డిస్కుకు 12 వోల్టుల అడాప్టర్ ఉన్నదే కొనాలి. తగిలించగానే "ఫార్మాట్ చేయాలా", "స్కాన్ చేసి సరిచేయాలా" అని విండోస్ అడిగితే రెండింటికీ వద్దనే చెప్పండి. బలహీనపడిన డిస్క్ మీద చెక్‌డిస్క్ (విండోస్ చేసే ఆ స్కానే) నడిపితే ఉన్నది కూడా పోవచ్చు. బిట్‌లాకర్ (డిస్కుకు విండోస్ వేసే తాళం) కీ అడిగితే కంగారు పడొద్దు. 48 అంకెల ఆ కీ, మొదట్లో సిస్టంలో లాగిన్ అయిన మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో దొరకొచ్చు. ఆ అకౌంట్ ఇంట్లో ఎవరి మెయిల్‌తో తెరిచారో గుర్తు చేసుకోండి.

కాపీ మధ్యలో ఆగిపోతూ, నత్తనడక నడుస్తుంటే సెక్టర్లు (డిస్కులో డేటా ఉండే చిన్న చిన్న గళ్లు) పోతున్నాయని అర్థం. అప్పుడు మళ్లీ మళ్లీ కాపీ కొట్టకండి. లినక్స్‌లోనే డీడీరెస్క్యూ అని డిస్క్ మొత్తానికి నకలు తీసే ప్రోగ్రాం ఉంది, బాగున్న భాగాలను ముందు చదివేసి మొండి భాగాలను చివరికి వదులుతుంది. ఎంతవరకు చదివిందో రాసుకునే మ్యాప్ ఫైల్ పెట్టుకుంటే ఆపిన చోటి నుంచి మొదలుపెట్టొచ్చు. అసలు డిస్క్ కన్నా ఖాళీ ఎక్కువున్న ఇంకో డిస్క్ కావాలి. ఏది పాతది, ఏది కొత్తదో కమాండ్ కొట్టే ముందు రెండుసార్లు చూసుకోండి, తారుమారైతే అంతే సంగతులు. అలా తీసిన నకలు (ఇమేజ్) మీద టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ అనే రికవరీ ప్రోగ్రాములు నడుపుకోవచ్చు. ఫోటోరెక్ ఫైళ్లను తెస్తుంది గానీ పేర్లు తేదు, వేల ఫోటోలు అంకెలతో వచ్చి పడతాయి. ఓపిక కావాలి.

డిస్క్ టక్ టక్ మని కొడుతుంటే మాత్రం పైవేవీ చేయకుండా వెంటనే ఆపేయండి. డేటా చదివే హెడ్ పాడైతే తిరిగే కొద్దీ ప్లేట్ గీసుకుపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టమనేవాళ్లనూ, మూత విప్పి చూస్తామనేవాళ్లనూ దగ్గరికి రానివ్వకండి. అలాంటి పనికి దుమ్ములేని గది ఉన్న ల్యాబ్ కావాలి. మన వైపు వాళ్లకు చెన్నై, బెంగళూరు రెండూ అందుబాటే. విడిభాగాల కోసం చెన్నైలోని రిచీ స్ట్రీట్‌కు పోవడం మనకు అలవాటే గానీ, అక్కడి పార్టుల అంగడీ డేటా ల్యాబూ ఒకటి కావు. డేటా రాకపోతే ఎంత తీసుకుంటారో ముందే రాయించుకోండి.

అన్నీ కాపీ అయ్యాక, వేరే సిస్టంలో నాలుగు ఫోటోలు, టాలీ కంపెనీ, ఒక వీడియో నిజంగా తెరిచి చూడండి. అవి తెరుచుకున్నాకే పాత డిస్కును షాపతనికి ఇవ్వండి.