కుట్టు కేంద్రం డబ్బులో సేవకు ఎంత తీయొచ్చు?

ప్రశ్న: తెనాలి దగ్గర మా ఊళ్లో ఎనిమిది మందిమి కలిసి కుట్టు కేంద్రం నడుపుతున్నాం. గుడ్డ సంచులు, స్కూల్ యూనిఫాంలు కుడతాం. ప్రతి అమ్మకంలో 10 శాతం ఒంటరి వృద్ధుల భోజనాలకు ఇస్తున్నాం. పనికి కొదవ లేదు, చేతిలో డబ్బే ఉండట్లేదు. పోయిన నెల దారం కొట్టు బాకీకి నా గాజులు తాకట్టు పెట్టాను. దానం ఆపేయాలా?

జవాబు: ఆపక్కర్లేదు. మీరు పంపిన లెక్కలో సంచి సంగతే చూడండి. అమ్మేది 60 రూపాయలకు. గుడ్డకు 30, కుట్టుకూలి 14, దారం, నాడాలకు 4, అద్దె, కరెంటుకు 4 పోతే మిగిలేది 8. అందులో 6 దానానికి వెళ్తోంది. పేరుకు 10 శాతమే గానీ, మిగులులో ముప్పావు వంతు ఇచ్చేస్తున్నారు! మోటారు కాలినా, అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్ మొరాయించినా ఆ 2 రూపాయల్లోంచే సర్దుకోవాలి. యూనిఫాంల బిల్లు ఆలస్యమైతే ఇక గాజులే దిక్కు.

ఇకనుంచి నెలాఖరున కూలి, బాకీలు పోగా మిగిలినదాంట్లోంచే సేవకు తీయండి. ముందుగా మీ గాజుల అప్పు తీరాలి. అది కుట్టు కేంద్రం అప్పని, తీర్మానాలు రాసుకునే మినిట్స్ పుస్తకంలో రాసి, అందరి చేతా సంతకాలు పెట్టించండి. మొహమాటపడకండి, వడ్డీ కూడా కేంద్రమే కట్టాలి. ఆ తర్వాత రెండు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు పోగయ్యేదాకా మిగులులో పావు వంతే సేవకు ఇవ్వండి, తర్వాత సగానికి పెంచొచ్చు. ఈలోపు భోజనాలు ఆగకుండా బియ్యం, పప్పు ఊళ్లో దాతలను అడగండి. సేవ డబ్బుకు బ్యాంకులో వేరే ఖాతా ఉండాలి.

కూలి తగ్గించుకుందామని మీలో ఎవరో ఒకరు అంటారు. ఒప్పుకోవద్దు. కూలి చేతికి తీసుకున్నాక, ఇష్టమైన వాళ్లు అందులోంచి సేవకు ఇస్తారు.

కొత్త మిషన్ కావాలంటే, చేతివృత్తుల వాళ్ల కోసం ఉన్న పీఎం విశ్వకర్మ ప్రభుత్వ పథకంలో దర్జీలకూ చోటుంది. 15,000 రూపాయల దాకా పరికరాల సాయం, 5 శాతం వడ్డీకి మొదటి విడతగా లక్ష వరకు అప్పు ఇస్తారు. కుటుంబానికి ఒక్కరికే. అప్పు మనిషి పేరు మీద వస్తుంది కాబట్టి, కుట్టు కేంద్రానికి వాడితే ఆ మాటా పుస్తకంలో ఎక్కాలి.

దాతలకు మాత్రం పన్ను మినహాయింపు వస్తుందని చెప్పకండి. దానాలకు పన్ను మినహాయింపు ఇప్పించే గుర్తింపు (80జి అంటారు) ఉన్న ట్రస్టు రసీదు ఉంటేనే అది వర్తిస్తుంది. అక్కడ కూడా 2,000 రూపాయలు దాటిన నగదుకు రాదు.