బాత్రూం నేలకు వాటం ఒక్కటే చాలదు తమ్ముడూ

"అన్నా, మాది గుత్తి. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ఈమధ్యే ఇల్లు కొన్నాం. ఎండాకాలానికి అమ్మా నాయనా వస్తున్నారు. టబ్బులోకి కాలెత్తి దిగడం నాయనకు కష్టం, పైగా బకెట్టూ చెంబూ లేందే ఆయనకు స్నానం చేసినట్టే ఉండదు. మేడ మీది బాత్రూంలో టబ్బు తీయించి, నేలంతా టైల్స్ పరిపించి, ఊళ్ళో మాదిరి చేయిద్దామనుకుంటున్నాం. అనంతపురంలో మా ఇల్లు కట్టిన మేస్త్రి వీడియో కాల్‌లో చూసి 'మాలు పోసి వాటం పెడితే అయిపాయె' అన్నాడు. ఇక్కడి బిల్డరేమో చాలా ఖర్చు చెప్తున్నాడు. ఎవరి మాట వినాలి?"

వాటం గురించి మేస్త్రి మాట విను. మిగతా పనికి బిల్డరే కావాలి, కానీ కింద రాసినవన్నీ అడిగి తెలుసుకున్నాకే ఒప్పుకో.

మేస్త్రి చెప్పింది తప్పు కాదు, ఆయన కట్టే ఇల్లు వేరు. అనంతపురంలో బాత్రూం మేరకు స్లాబు కిందికి దించి, అందులో పైపులూ నహానీ ట్రాపూ (మురుగు వాసన పైకి రాకుండా కొన్ని నీళ్ళు నిలిచే వంపు) పెట్టి, ఇటుక ముక్కలతో నింపి, పైన మాలు (సిమెంటూ ఇసుకా కలిపింది) పోసి తూము వైపు వాటం ఇస్తారు. కాస్త చెమ్మ దిగినా కింది గదిలో ఒక మరక పడుతుంది, మే నెల ఎండకు అదీ ఆరుతుంది. మీ ఇంట్లో పై అంతస్తుకు స్లాబు ఉండదు. వరసగా చెక్క దూలాలు (ఇక్కడ జాయిస్టులంటారు), వాటి మీద చిప్‌బోర్డో (చెక్కపొట్టు అదిమి చేసిన అట్ట) పలకలో, కింద ప్లాస్టర్‌బోర్డు (జిప్సం అట్ట) సీలింగు. చిప్‌బోర్డు తడిస్తే ఉబ్బి పొడిగా రాలుతుంది. దూలం ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా కుళ్ళుతుంది. చెక్క నేల మనం నడిచినప్పుడల్లా కొంచెం కదులుతుంది కాబట్టి దాని మీద మందంగా పోసిన మాలు పగుళ్ళిస్తుంది. దాని బరువు సంగతి సరేసరి.

బిల్డర్‌ను మొదట అడగాల్సింది టైల్స్ గురించి కాదు, దూలాలు ఎటు పోతున్నాయని. షవర్ నీళ్ళు పోయే పైపు సాధారణంగా 40 మిల్లీమీటర్లది, మీటరుకు కనీసం 18 మిల్లీమీటర్ల వాటంతో పోవాలి. దూలాల వెంట పోతే ఇబ్బంది లేదు. అడ్డంగా పోవాల్సి వస్తే దూలాలను ఇష్టమొచ్చినట్టు కోయడానికి లేదు, నేల బరువు మోసేవి అవే. అప్పుడు తూము చోటైనా మార్చాలి, నేలైనా ఎత్తాలి. నేల ఎత్తితే గడప దగ్గర మెట్టు వస్తుంది, మీ నాయన కోసం తప్పిద్దామనుకున్నదే మళ్ళీ ఎదురవుతుంది. ఈ లెక్క తేలకముందే అడ్వాన్స్ ఇవ్వొద్దు.

వాటం కోసం ఇక్కడ మాలు పోయరు. తూము వైపు ముందే చెక్కిన పలక దొరుకుతుంది, ఫార్మర్ అంటారు. దూలాల మధ్య అడ్డచెక్కలు కొట్టి, దాన్ని కదలకుండా స్క్రూలతో బిగిస్తారు. మీటరుకు 12 నుంచి 25 మిల్లీమీటర్ల వాటం సరిపోతుంది. అంతకు మించితే నాయన స్నానానికి కూర్చునే పీట ఒరుగుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, టైల్స్ నీళ్ళను ఆపవు. సందుల్లో నింపే గ్రౌట్ కూడా ఆపదు, మన వైట్ సిమెంటులాగే అదీ నీళ్ళు పీలుస్తుంది. ఆపేది టైల్స్ కింద వేసే పొర, ఆ పనిని టాంకింగ్ అంటారు. కొటేషన్‌లో ఆ మాట విడిగా రాసి లేకపోతే ఆ కాగితం పక్కన పడేయ్. షవర్ ఉన్న గోడలకు మామూలు ప్లాస్టర్‌బోర్డు పనికిరాదు, సిమెంటు బోర్డో ఫోమ్ బోర్డో వేయాలి. ప్రైమర్ కొట్టాక మూలల్లో, అతుకుల్లో టేపు, పైపులు బయటికొచ్చే చోట రబ్బరు కాలర్, ఆ తర్వాత నీళ్ళు దిగనీయని టాంకింగ్ ద్రవం రెండు పూతలు. మొదటిది ఆరాకే రెండోది, అదీ అడ్డంగా. నేల మొత్తానికి వేయాలి, షవర్ గోడలకు పై దాకా వేయాలి, మిగతా గోడలకు నేల నుంచి 100 మిల్లీమీటర్లు ఎక్కించాలి. లీకేజీ ఎక్కువగా మొదలయ్యేది తూము చుట్టూ, పొరకూ తూము అంచుకూ అతుకు సరిగా కుదరని చోట. ఆ అతుకు వేసే రోజు సెలవు పెట్టి అయినా దగ్గరుండు. ఫోటోలు తీసుకో.

పూత ఆరాక, టైల్స్ పరచకముందు, తూము మూసి, గుమ్మం దగ్గర చిన్న కట్ట వేసి ఒక రోజంతా నీళ్ళు నిలబెట్టమను. ఊళ్ళో కొత్త స్లాబు మీద మడులు కట్టినట్టే. నీటిమట్టం దగ్గర పెన్సిల్ గీత గీసి, మర్నాడు గీతనూ కింది సీలింగునూ చూడు. "ఇదంతా అవసరం లేదు" అనే బిల్డర్లు ఉంటారు. నువ్వు పట్టు వదలొద్దు. అమెరికాలో ఉన్నవాళ్ళకు ఈ గొడవ కొంత తక్కువ. అక్కడ చాలా చోట్ల పర్మిట్ తీసుకుంటే ఇన్‌స్పెక్టరే వచ్చి నీళ్ళు నిలబెట్టించి చూస్తాడు, వాటం అడుగుకు పావు అంగుళం.

టైల్స్‌లో అందం రెండో మాట. నాలుగు వైపుల నుంచి నడిమి తూముకు వాటం ఉంటే చిన్న టైల్సే కుదురుతాయి. పెద్దవే కావాలంటే గోడ వారగా పొడుగు తూము పెట్టించుకో, వాటం ఒకే వైపు ఉంటుంది. కాలు జారదని నమ్మకం కావాలంటే జారుడు కొలిచే పెండులమ్ టెస్టులో తడి మీద 36 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉన్నదే కొను. గోడా నేలా కలిసే మూలల్లో గ్రౌట్ వద్దు, సిలికాన్ నింపాలి.

ఊరి మీద ప్రేమతో కడప బండ వేద్దామనేవాళ్ళు మనలో ఉన్నారు. ఇంగ్లండ్‌లోనూ అమ్ముతారు, ఎక్కువగా పెరట్లో పరచడానికి. అదైనా, తాడిపత్రి బండైనా, బేతంచెర్ల బండైనా సున్నపురాయే. తెల్లమరకలు పోవడానికి ఇక్కడ వాడే వెనిగర్, డీస్కేలర్ అన్నీ ఆమ్లాలు, నాలుగుసార్లు తగిలితే నల్లటి బండ పాలిపోతుంది. మేడ మీద చెక్క నేలకు ఆ బరువు కూడా ఎందుకు? పెరట్లో వేసుకో, చూడముచ్చటగా ఉంటుంది.

ఊరికి పోయి కొన్ని వారాలు ఉండి తిరిగొచ్చేసరికి ట్రాపులో నీళ్ళు ఎండిపోయి ఇల్లంతా మురుగు వాసన కొట్టొచ్చు. ఒక చెంబు నీళ్ళు పోస్తే పోతుంది. ప్లంబర్‌ను పిలిచి డబ్బులు తగలేయొద్దు. ఫ్యాను మాత్రం మంచిది పెట్టించు, సెకనుకు కనీసం 15 లీటర్ల గాలి లాగేది. ఇక్కడ చలికాలంలో తడి ఆరడమంటే మాటలు కాదు. మీది లీజ్‌హోల్డ్ ఫ్లాట్ (ఏళ్ళ లెక్కన లీజుకు తీసుకున్నది) అయ్యుంటే ముందు ఫ్రీహోల్డర్, అంటే అసలు యజమాని, నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోమనేవాణ్ణి.

బకెట్టు కోసం గోడకు మోకాలెత్తులో ఒక కుళాయి కూడా అడుగు, థర్మోస్టాట్ ఉన్న మిక్సర్ నుంచే రావాలని చెప్పు, వేడినీళ్ళు ఒక్కసారిగా కాళ్ళ మీద పడకుండా. గోడ పలకలు మూయకముందే చెప్పాలి, తర్వాత అయితే టైల్స్ పగలగొట్టాల్సిందే.