పైలట్ ఉద్యోగం: అడ్డంకి ఎక్కడుంది?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ చదువుతోంది, పైలట్ అవుతానంటోంది. ఎంపికలో ఆడపిల్లలకు సడలింపులేమైనా ఉంటాయా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: లైసెన్సుకు సడలింపులేవీ లేవమ్మా, ఉండకూడదు కూడా. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే కమర్షియల్ లైసెన్సుకు (జీతానికి విమానం నడపాలంటే కావాల్సింది ఇదే) అందరికీ 200 గంటల ఫ్లయింగే. అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా (విమానం పూర్తి బాధ్యత తనదే), 10 గంటలు బయటికి చూడకుండా ఇన్‌స్ట్రుమెంట్ల మీద, 5 గంటలు రాత్రిపూట. మహిళా పైలట్ల వాటాలో మన దేశం ప్రపంచ సగటుకు రెట్టింపుకు పైనే ఉంది, ధైర్యంగా పంపండి.

అసలు అన్యాయం డబ్బు దగ్గరే. శిక్షణ ఖర్చు లక్షల్లో ఉంటుంది, టైప్ రేటింగ్ (ఒక్కో రకం విమానం నడపడానికి ప్రత్యేక అర్హత) ఖర్చు విడిగా పడొచ్చు. చాలామంది ముందు ఫీజు కట్టేసి, తర్వాత మెడికల్‌లో రంగుల చూపు దగ్గర ఆగిపోతారు. ముందుగా క్లాస్ 2 (తొలి వైద్య పరీక్ష), ఆ వెంటనే క్లాస్ 1 (కమర్షియల్ లైసెన్సుకు కావాల్సిన పరీక్ష) మెడికల్ చేయించండి. ఫీజు ఆ తర్వాతే.